ఆగిన బొమ్మ తర్వాత ఏమైంది? – మృణాల్ సేన్ ప్రయోగాలు, యూరప్ సినిమా, మా నాయినమ్మ ప్రశ్న

మాది ఆత్మకూర్, బ్రాకెట్లో ఎస్. పాత నల్లగొండ జిల్లాలో రెండు ఆత్మకూర్లు ఉండేవి. అందుకని మోత్కూర్ వైపు ఉన్నదానికి ‘ఎం’, సూర్యాపేట వైపు ఉన్న మాదానికి ‘ఎస్’ తగిలించారు. ఈ వ్యాసం బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ గురించి. కానీ మొదలుపెట్టాల్సింది మాత్రం మా ఇంటి అరుగు మీద నుంచే.

పోయిన దసరా సెలవుల్లో కాలేజీ ఫెస్ట్ కోసం ఆరు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. అందులో ఒకే మనిషి, మా నాయినమ్మ. పత్తి ఏరి ఇంటికొస్తుంది, కాళ్లు కడుక్కుంటుంది, అరుగు మీద కూర్చుని అన్నం తింటుంది. అంతే కథ. ఆమె నడకనంతా ముక్కలు ముక్కలుగా కోసి జంప్ కట్లు పెట్టాను. చివర్లో ముద్ద నోటి దగ్గరికి రాగానే బొమ్మను ఆపేశాను. తర్వాత నల్ల తెర, దాని మీద నా పేరు. ఫెస్ట్‌లో బాగానే చప్పట్లు పడ్డాయి. ఒక సీనియర్ అన్న వచ్చి, ‘‘యూరప్ సినిమా లెక్క ఉందిరా’’ అని భుజం తట్టాడు. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ సినిమా ఫోన్‌లో నాయినమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసింది. అయిపోయాక ఫోన్ నా చేతిలో పెట్టి, ‘‘గుడ్డు పులుసు ఏదిరా కొడుకా?’’ అని అడిగింది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. షూటింగ్ రోజు అమ్మ కోడిగుడ్ల పులుసు చేసింది. నిండు గిన్నె ఫ్రేములో కనిపిస్తే ‘పేదరికం’ సరిగ్గా రాదని, నేనే దాన్ని లోపల పెట్టించి, నాయినమ్మను గొడ్డుకారంతో తినమన్నాను.

‘‘చూసినోళ్లు ఏమనుకుంటరు? మీ అమ్మ నాకు కూర గూడ ఎయ్యదనుకోరా? ముద్దన్న నోట్లె పెట్టుకోనియ్యలే, ఆడనే ఆపితివి.’’

ఆమె కోపంగా ఏం అనలేదు. అడిగిందంతే. నా దగ్గర జవాబు లేదు. ఫ్రీజ్ ఫ్రేమ్ ఎందుకు పెట్టానంటే, త్రుఫో పెట్టాడు, మృణాల్ సేన్ పెట్టాడు, అందుకని నేనూ పెట్టాను. వాళ్లెందుకు పెట్టారో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పటి నుంచి రెండు నెలలు ఆ సినిమాలు మళ్లీ చూశాను. అప్పుడు నేర్చుకున్నది మన క్లబ్ మిత్రులకు ఒక పాఠం లాగా రాస్తున్నాను.

ముందు రెండు పదాలు

మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి లెక్కతో మొదలుపెడదాం. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మల చొప్పున కదులుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ చూపించడం. ఐదు సెకన్లు ఆపాలంటే ల్యాబులో ఆ ఒక్క బొమ్మకే 120 కాపీలు అచ్చు వేయాలి. ఈ రోజు ఫోన్ యాప్‌లో ఒక్క నొక్కు చాలు. అప్పట్లో అది డబ్బుతో, టైముతో కూడిన పని. కాబట్టి ఎక్కడ ఆపాలో నాలుగుసార్లు ఆలోచించి ఆపేవాళ్లు.

జంప్ కట్ అంటే ఒకే షాట్ మధ్యలో కొంత ముక్క కోసేసి రెండు కొసలు కలపడం. మనిషి ఉన్నట్టుండి ఇక్కడి నుంచి అక్కడికి ఎగిరినట్టు కనిపిస్తాడు. ఎడిటింగ్‌లో ఒక పాత నియమం ఉంది. ఒకే మనిషిని చూపించే రెండు షాట్ల మధ్య కెమెరా కనీసం 30 డిగ్రీలైనా పక్కకు జరగాలి, లేకపోతే కోత కంటికి తగులుతుంది. జంప్ కట్ ఆ నియమాన్ని కావాలని ఉల్లంఘిస్తుంది. ‘ఇది సినిమా, దీన్ని ఎవరో కోశారు’ అని మనకు తెలిసేలా చేస్తుంది.

యూరప్‌లో ఇవి ఎందుకు వచ్చాయి?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ చితికిపోయి ఉంది. అప్పుడు కొందరు దర్శకులు కెమెరాను వీధిలోకి తెచ్చారు. డి సికా 1948లో తీసిన బైసికిల్ థీవ్స్‌లో హీరో వేషం వేసిన లాంబెర్తో మజ్జొరానీ నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. పోయిన సైకిల్ కోసం తండ్రీకొడుకులు రోమ్ అంతా తిరగడమే కథ. మన దేశంలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం 1952లో జరిగింది. అది బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు కూడా పోయింది. ఈ సినిమాను అక్కడ చూసిన మనవాళ్లు, ‘ఇట్లా కూడా తీయొచ్చా’ అని ఆశ్చర్యపోయారు.

తర్వాతి వంతు ఫ్రాన్స్‌ది. 1959లో త్రుఫో ఫోర్ హండ్రెడ్ బ్లోస్ తీశాడు. ఆంత్వాన్ అనే పిల్లవాడు బాలనేరస్థుల కేంద్రం నుంచి పారిపోయి, పరిగెత్తి పరిగెత్తి సముద్రం ఒడ్డుకు చేరతాడు. ఇక ముందు నీళ్లే. వెనక్కి తిరిగి కెమెరా వైపు చూస్తాడు. బొమ్మ ఆగిపోతుంది. ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడికి పోతాడో సినిమాకూ తెలీదు, అతనికీ తెలీదు. జవాబు లేదు కాబట్టే బొమ్మ ఆగింది. ఆ ప్రశ్న మన చేతికొచ్చింది.

1960లో గొడార్ బ్రెత్‌లెస్ వచ్చింది. సినిమా నిడివి ఎక్కువైంది. మామూలుగానైతే రెండు మూడు సీన్లు ఎత్తేస్తారు. గొడార్ సీన్ల లోపలే ముక్కలు కోశాడు. ట్రాలీకి పైసల్లేక కెమెరామన్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ తీశారు. అంటే ఆ శైలిలో సగం అవసరంలోంచి పుట్టింది.

వీళ్లందరికంటే ముందు జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ ఉన్నాడు. ప్రేక్షకుడు పాత్రతో కలిసి ఏడ్చేసి, తేలికపడి ఇంటికి పోకూడదంటాడు. మధ్యలో కథ ఆగాలి, నటుడు మన వైపు తిరగాలి, మనం ఆలోచనలో పడాలి. కన్నీళ్లతో పని అయిపోయిందనుకుంటే లోకం మారదని అతని వాదం.

ఈ మూడింటినీ వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి ప్రయోగం వెనకా ఒక ఇబ్బంది ఉంది. పైసల్లేని ఇబ్బంది, జవాబు లేని ఇబ్బంది, ప్రేక్షకుడు ఏడ్చి మర్చిపోతాడనే ఇబ్బంది. నా సినిమాలో అలాంటి ఇబ్బంది ఏదీ లేదు. యాప్‌లో ఆప్షన్ ఉంది, అంతే.

కలకత్తాలో మృణాల్ సేన్

మృణాల్ సేన్ 1923లో ఫరీద్‌పూర్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. కలకత్తాలో ఆయన చదివింది ఫిజిక్స్. లైబ్రరీలో రుడాల్ఫ్ ఆర్నైమ్ అనే జర్మన్ పండితుడు సినిమా కళ మీద రాసిన పుస్తకం దొరకడంతో ఈ వైపు తిరిగారు. కొన్నాళ్లు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా కూడా పనిచేశారు. సైన్స్ చదివి, సేల్స్ ఉద్యోగం చేసి, సినిమాలు తీసిన మనిషి అన్నమాట. మన హాస్టల్లో ఇలాంటి కలలు కనేవాళ్లు కనీసం నలుగురైనా ఉంటారు.

మొదటి సినిమా 1955లో వచ్చింది. 1965లో ఆకాశ్ కుసుమ్ తీసేటప్పటికి ఫ్రెంచి సినిమాల గాలి బాగా తగిలింది. కదిలే సినిమాలో ఆగిన బొమ్మలు వాడారు. ఆ సినిమా మీద స్టేట్స్‌మన్ పత్రికలో ఆయనకూ సత్యజిత్ రాయ్‌కీ మధ్య ఉత్తరాల యుద్ధమే నడిచింది. 1969లో హిందీలో తీసిన భువన్ షోమ్‌లో ఆగిన బొమ్మలు, యానిమేషన్, వార్తాచిత్రం లాంటి ముక్కలు అన్నీ కలిపి వాడారు. ఆ సినిమాకు కెమెరా కె.కె. మహాజన్.

అసలు ప్రయోగం నాకు కనిపించింది మాత్రం 1971లో వచ్చిన ఇంటర్వ్యూలో. కథ వింటే మీకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఒక కుర్రాడికి విదేశీ కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఒకటే షరతు, ఇంటర్వ్యూకు సూటు వేసుకుని రావాలి. ఉన్న సూటు లాండ్రీలో ఉంది. లాండ్రీ వాళ్లు సమ్మెలో ఉన్నారు. ఎట్లాగో ఒకటి అప్పు తెస్తాడు, అదీ దారిలో పోతుంది. చివరికి ధోవతిలో ఇంటర్వ్యూకు పోతాడు. ఉద్యోగం రాదు. ప్లేస్‌మెంట్ రోజు పక్క రూమ్ వాడి బ్లేజర్ అడుక్కుని వేసుకున్న వాళ్లెవరైనా ఈ సినిమా చూస్తే, అది 1971 నాటిదని నమ్మరు.

ఆ సినిమాలో ఒక ట్రామ్ సీన్ ఉంది. హీరో నిలబడి పోతుంటాడు. పక్కన ఒకమ్మాయి చదువుతున్న సినిమా పత్రికలో అతని బొమ్మే ఉంది. అప్పుడతను నేరుగా కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. తన అసలు పేరు రంజిత్ మల్లిక్ అని, తను నిజానికి పత్రికాఫీసులో చిన్న ఉద్యోగం చేసేవాడినని, మృణాల్ సేన్ వచ్చి తన రోజువారీ జీవితాన్నే సినిమాగా తీస్తానన్నారని చెప్తాడు. అదే ట్రామ్‌లో కెమెరా పట్టుకుని ఉన్న మహాజన్‌ను కూడా చూపిస్తారు. సినిమాలో తల్లిగా కనిపించేది నటి కరుణా బెనర్జీ అని, పథేర్ పాంచాలిలో తల్లి ఆమేనని కూడా చెప్పేస్తాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకిది స్టైల్ లాగా కనిపించింది. మళ్లీ చూస్తే నిజాయితీ లాగా కనిపించింది. ‘మీకు చూపిస్తున్నది ఎక్కడి నుంచి తెచ్చానో, ఎట్లా తయారుచేశానో ఇదిగో’ అని దర్శకుడు లెక్క అప్పజెబుతున్నాడు. సినిమా చివర్లో ఆ కుర్రాడు బట్టల దుకాణం అద్దం మీద రాయి విసిరి, లోపలి బొమ్మకు తొడిగిన సూటు పీకేస్తాడు. కనిపించని గొంతు ఒకటి అతన్ని నిలదీస్తుంటుంది. ఆ గొంతు ప్రేక్షకుడిది అనుకోవచ్చు, మనదే అనుకోవచ్చు.

తెలుగు ఊరికి వచ్చిన సేన్

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇన్ని ప్రయోగాలు చేసిన మనిషి 1977లో తెలుగులో ఒక సినిమా తీశారని మన క్లబ్‌లో చాలామందికి తెలీదు. నాకూ నిరుడు తెలిసింది. దాని పేరు ఒక ఊరి కథ. నిర్మాత ఎ. పరంధామరెడ్డి, కెమెరా మళ్లీ మహాజన్. సేన్‌కు తెలుగు రాదు. కథ ప్రేమ్‌చంద్ రాసిన కఫన్, 1936 నాటిది, ఉత్తర భారతం కథ. దాన్ని తెచ్చి తెలంగాణ పల్లెలో నిలబెట్టారు. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దీనికే వచ్చింది.

కఫన్ కథ చాలామంది చదివే ఉంటారు. పని తప్పించుకు తిరిగే తండ్రీకొడుకులు గుడిసె ముందు మంటలో కాల్చిన ఆలుగడ్డలు తింటుంటారు. లోపల కోడలు పురిటి నొప్పులతో అరుస్తుంటుంది. తను లేచి లోపలికి పోతే రెండోవాడు గడ్డలన్నీ తినేస్తాడేమోనని ఇద్దరూ కదలరు. తెల్లారేసరికి ఆమె పోతుంది. శవం మీద కప్పే బట్టకోసం ఊరంతా అడుక్కొచ్చిన డబ్బుతో ఇద్దరూ కడుపారా తిని తాగుతారు.

కథలో ఆ కోడలు మనకు ముఖం లేని అరుపు మాత్రమే. సేన్ ఆమెకు ముఖం ఇచ్చారు. సినిమా పెళ్లికి ముందు నుంచి నడుస్తుంది. నీలమ్మగా మమతా శంకర్ వేసింది. ఆమె ఆ ఇంటికి రావడం, కష్టపడి నాలుగు గింజలు తేవడం, ఆ గుడిసెను ఇల్లులా చేయాలని చూడడం అన్నీ చూస్తాం. తండ్రి వెంకయ్యగా ఎం.వి. వాసుదేవరావు వేశారు. రెండేళ్ల ముందు కన్నడ సినిమా చోమన దుడికి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు తీసుకున్నది ఆయనే. కొడుకు కిష్టయ్య పాత్ర నారాయణరావుది.

ఇందులో కలకత్తా సినిమాల హడావుడి కనిపించదు. ట్రామ్ సీన్ లాంటిది వెతికితే దొరకదు. మరి ప్రయోగం ఎక్కడ ఉంది? వెంకయ్య నోట్లో ఉంది. అతని వాదం సూటిగా ఉంటుంది. ఒళ్లు విరుచుకుని పని చేస్తే దొర గాదె నిండుతుంది, మనది నిండదు, అలాంటప్పుడు చెయ్యడం ఎందుకు? చూస్తున్నంతసేపు ‘ఎంత సోమరి, ఎంత దుర్మార్గుడు’ అనిపిస్తూనే ఉంటుంది, ‘మాట మాత్రం నిజమే కదా’ అనీ అనిపిస్తుంది. నీలమ్మను చావనిచ్చిన మనిషి నోటి నుంచే ఆ నిజం వస్తుంటే మనం ఎవరి పక్కన కూర్చోవాలో తెలీదు. ఏడ్చి తేలికపడనివ్వకపోవడం అంటే ఇదే. ట్రామ్‌లో కెమెరాను బయటపెట్టి చేసిన పనిని ఇక్కడ ఒక ముసలాయన వాదంతో చేశారు.

వెట్టి, నాగు లాంటి మాటలు మా సూర్యాపేట ప్రాంతం వాళ్లకు పుస్తకాల్లోవి కావు. నాగు అంటే గింజలు అప్పు తెచ్చుకుని, పంట రాగానే వడ్డీ గింజలతో కలిపి తిరిగి కొలవడం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట తాలూకా నడిబొడ్డున ఉంది. ఆ పోరాటంలో జనం తిరగబడ్డారు. వెంకయ్య తిరగబడలేదు, పని మానేశాడు. రెండింటికీ కారణం ఒకటే కదా అన్న ఆలోచన నాకు ఈ సినిమా చూశాకే వచ్చింది.

నాకు పట్టుబడిన పాఠం ఇక్కడిది. సేన్ యూరప్ నుంచి తెచ్చుకున్నది జంప్ కట్టూ, ఫ్రీజ్ ఫ్రేమూ కాదు. వాటి వెనక ఉన్న ప్రశ్నను తెచ్చుకున్నారు. అందుకే పరికరాలను కలకత్తాలోనే వదిలేసి మన ఊరికి రాగలిగారు.

దాసి: ఆపకుండా చూడడం

ఇదే ప్రశ్నకు మనవాడైన బి. నర్సింగరావు ఇంకో దారిలో జవాబు చెప్పారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన మా భూమి నిర్మాతల్లో ఆయన ఒకరు. స్వయంగా చిత్రకారుడు. 1988లో దాసి తీశారు. నిజాం కాలం నాటి గడీలో, ఇరవై రూపాయలకు కొనుక్కొచ్చిన కమలాక్షి అనే దాసి కథ. ఆ పాత్ర వేసిన అర్చనకు, కెమెరా పట్టిన అపూర్వ కిశోర్ బీర్‌కు, కళా దర్శకుడు తోట వైకుంఠానికి, దుస్తులు చూసిన సుదర్శన్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం కూడా అదే.

దాసిలో మాటలు తక్కువ. ఆమె నీళ్లు మోస్తుంటే, ఊడుస్తుంటే, దొర పిలిచాడని పోతుంటే కెమెరా తొందరపడకుండా చూస్తుంటుంది. మనకు విసుగొస్తుంది. ‘ఇక కట్ చెయ్యొచ్చు కదా’ అనిపిస్తుంది. కానీ ఆ పని ఆమెకు అయిపోలేదు కదా, మనకెందుకు అయిపోవాలి? నాయినమ్మ నడకను నేను ఎనిమిది ముక్కలు చేశాను. చేను నుంచి ఇంటికి ఆమె నడిచే దారి అరగంట. నేను పన్నెండు సెకన్లలో ఇంటికి తెచ్చాను. నడకతో పాటు అలసట కూడా కోతలో పోయింది.

మన దగ్గర లేనిదా?

‘నటుడు మన వైపు తిరిగి మాట్లాడడం యూరప్ కనిపెట్టిందా’ అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. మన ఊళ్లలో చిందు భాగోతం చూసినవాళ్లకు తెలుసు. రాజు ఏడుస్తుంటాడు. మధ్యలో ఎవరో పది రూపాయలు చదివిస్తారు. రాజు ఏడుపు ఆపి, ఇచ్చినాయన పేరు, ఇంటి పేరు, ఊరు గట్టిగా చదివి, దీవించి, మళ్లీ ఏడుపు అందుకుంటాడు. ఎవరికీ కథ చెడినట్టు అనిపించదు. ఒగ్గుకథలో, బుర్రకథలో కూడా కథ చెప్పేవాళ్లు పాత్రలోకి పోయి వస్తూనే ఉంటారు.

ఆ మాటకొస్తే బ్రెక్ట్ కూడా తన పద్ధతికి ఆసియా వైపు చూశాడు. 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూసి దాని మీద వ్యాసం రాశాడు. కాబట్టి ‘అంతా మన దగ్గర ముందే ఉంది’ అని ఛాతీ విరుచుకోవడమూ దండగే, ‘అంతా వాళ్ల దగ్గర నుంచే వచ్చింది’ అని తల దించుకోవడమూ దండగే. పద్ధతులు తిరుగుతూనే ఉంటాయి. మన చేతికొచ్చినప్పుడు దాంతో ఏం పని చేయిస్తున్నాం అన్నదే లెక్క.

కరువును వెతుక్కుంటూ

తెలుగు సినిమా తీసిన మూడేళ్లకు, 1980లో, సేన్ అకాలేర్ సంధానే తీశారు. కరువును వెతుక్కుంటూ అని చెప్పుకోవచ్చు. మరుసటి ఏడు బెర్లిన్‌లో దానికి సిల్వర్ బేర్ వచ్చింది. నా షార్ట్ ఫిల్మ్ గురించి ముందే ఎవరో సినిమా తీసి పెట్టినట్టు అనిపించింది చూస్తే.

1943 బెంగాల్ కరువు మీద సినిమా తీయడానికి కలకత్తా నుంచి ఒక బృందం పల్లెకు వస్తుంది. స్మితా పాటిల్ అందులో స్మితా పాటిల్‌గానే ఉంటుంది. బృందం కోసం సరుకులన్నీ కొనేసరికి ఊరి బజారులో ధరలు పెరుగుతాయి. కరువు సినిమా తీయడానికి వచ్చి వీళ్లే కరువు తెచ్చారని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. దుర్గ అనే పేదరాలు ఆ సినిమాలోని కరువును తన ఇంట్లో ఇప్పటికీ చూస్తూ ఉంటుంది. ఊరికీ బృందానికీ చెడుతుంది. బృందం సామాన్లు సర్దుకుని వెళ్లిపోతుంది.

చివర్లో దుర్గ ముఖం తెర మీద నిలిచిపోతుంది. కానీ సినిమా అక్కడ నోరు మూసుకోదు. ఒక గొంతు ఆ తర్వాత జరిగింది చెప్తుంది. ఆమె బిడ్డ చనిపోయింది, భర్త జాడ లేదు, ఇప్పుడామె ఒంటరి. ఆ మాటల మీదే ఆ ముఖం దూరమైపోయి చీకట్లో కలుస్తుంది.

ఇక్కడ నాకు తేడా దొరికింది. త్రుఫో బొమ్మను ఆపింది తర్వాత ఏమవుతుందో తెలీక. సేన్ ఆపింది తర్వాత జరిగింది చెప్పడానికి. నేను ఆపింది మాత్రం తర్వాత జరిగింది దాచడానికి. నా బొమ్మ ఆగిన మరుక్షణం నాయినమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, ‘‘కారం మండుతుందిరా, పులుసు తేపో’’ అని నవ్వింది. ఆ క్లిప్పు ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. దాన్ని నేనే కోసేశాను. పేదరికం చూపించాలనుకుని ఒక మనిషి నవ్వునూ, ఇంకో మనిషి వంటనూ తీసి పక్కన పెట్టాను. పైగా దానికి చప్పట్లు తీసుకున్నాను.

మనకు పనికొచ్చే మూడు ప్రశ్నలు

వచ్చే ఫెస్ట్‌కు మీలో చాలామంది తీస్తారు కాబట్టి, నేను నా ఎడిటింగ్ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

ఒకటి. ఈ కోత నాకు ఎందుకు కావాలి? ‘బాగుంటుంది’ అన్నది జవాబు కాదు. పైసల్లేక అనైనా చెప్పగలగాలి, ప్రేక్షకుడు ఆలోచించాలి అనైనా చెప్పగలగాలి.

రెండు. నేను ఆపేసిన తర్వాత ఏం జరిగింది? అది నాకు తెలిసీ చూపించకపోతే, దాచడానికి కారణం ఏంటి?

మూడు. తెర మీద ఉన్న మనిషి దీన్ని చూస్తే ఏమంటారు? మనం తీసేవాళ్లు మన అమ్మలు, తాతలు, హాస్టల్ వాచ్‌మెన్లు, మెస్‌లో అక్కలు. వాళ్ల చేతుల్లో కూడా ఫోన్ ఉంది. వాళ్లూ ప్రేక్షకులే.

క్లబ్‌లో కలిసి చూద్దామంటే నేను చెప్పే వరుస ఇది: ఇంటర్వ్యూ, ఒక ఊరి కథ, దాసి, అకాలేర్ సంధానే. వారానికి ఒకటి. చూశాక అరగంట కొట్లాట తప్పనిసరి.

మా నాయినమ్మ సంగతి చెప్పి ముగిస్తా. ఉగాదికి ఇంటికి పోయినప్పుడు మళ్లీ తీద్దామా అని అడిగాను. ‘‘గీసారి పులుసు దాచవు గద?’’ అంది. కెమెరా స్టాండు మీద పెట్టి, ట్రామ్‌లో రంజిత్ మల్లిక్ లాగా నేరుగా కెమెరాకే చెప్పమన్నాను. అంటే, నేను ట్రామ్ గురించి ఏం చెప్పలేదులెండి, చిందోళ్ల లెక్క మా వైపు తిరిగి చెప్పు అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది.

‘‘గీ పిలగాడు నా మనుమడు. పట్నంల ఇంజినీరు సదువుతుండు. మొన్న దసరాకు ఇంట్ల గుడ్డు పులుసు ఉంటే, గొడ్డుకారం ఏసుకొని తినుమన్నడు. తిన్న. నా కోడలు మంచిగనే వండుతది.’’

నేను ‘కట్’ అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

‘‘ఉండు. కూలి ముచ్చట గూడ చెప్పనా? కలుపుకు పోతే ఆడోళ్లకు ఒక రేటు, మొగోళ్లకు ఒక రేటు ఇస్తరు. ఎండ ఒక్కతీరే కొడ్తది గద? గది చూపియ్యి నీ సిన్మాల.’’

అంత దూరం తిరిగి నేను కారం గిన్నెలో వెతికింది, ఆమె నోట్లో ఇన్నాళ్లూ ఉంది. నేను అడగలేదు, అంతే. ఆ షాట్ నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు వచ్చింది. ఒక్క కోత కూడా పెట్టలేదు. చివర్లో ఆమె, ‘‘అయిపోయింది, ఇగ బంజెయ్యి’’ అన్నాకే ఆపాను.